ఉల్లిపాయ, కామొమైల్ టీ, నా పేగులు: ఐబీఎస్‌తో ఏడాదిన్నర

2023 ఆగస్టు రెండో వారంలో ఒక ప్రయాణం నుంచి తిరిగొచ్చిన రాత్రి మొదలైంది. వాంతులు, విరేచనాలు, జ్వరం. బయట తిన్నదేదో పడలేదు, నాలుగు రోజుల్లో తగ్గిపోతుందిలే అనుకున్నాను. జ్వరం, వాంతులు నిజంగానే నాలుగు రోజుల్లో తగ్గాయి. పొట్ట మాత్రం మళ్లీ మామూలు కాలేదు. దీని పేరు ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పరీక్షల్లో ఏమీ కనిపించకుండానే పేగులు ఇబ్బందిపెట్టే సమస్య) అని తెలియడానికి ఏడు నెలలు పట్టింది.

సెప్టెంబరు, అక్టోబరు నెలలు ఎలా గడిచాయంటే: పొద్దున లేవగానే పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, గడప దాటేలోపు మూడుసార్లు బాత్రూమ్, వెళ్లొచ్చాక కూడా ఇంకా ఏదో మిగిలిపోయినట్టే ఉండటం. నాలుగు రోజులు ఇలా వాయించాక మూడు రోజులు అసలేమీ లేకుండా బిగుసుకుపోవడం. సాయంత్రానికి పొట్ట ఎంత ఉబ్బేదంటే, పొద్దున తేలిగ్గా పెట్టుకున్న బొత్తాం ఊడదీసుకుని కూర్చునేదాన్ని. మీటింగుల్లో తలుపు పక్క కుర్చీ నాదే. ఎక్కడికి వెళ్లాలన్నా మొదట వెతికేది దారిలో బాత్రూములు ఎక్కడున్నాయా అని. ఎవరైనా ఎక్కడికైనా పిలిస్తే, వెళ్లాలని ఉన్నా "పనుంది" అనేయడం అలవాటైపోయింది. ఇది చెప్పుకునే రోగమూ కాదు. తలనొప్పి అని ఆఫీసులో చెప్పొచ్చు. ఇది ఎలా చెప్తాం?

నవంబరులో మామూలుగా చూపించుకునే డాక్టర్ దగ్గరికి వెళ్తే గ్యాస్ మాత్రలు, నెల రోజులు ప్రోబయోటిక్ రాశారు. పెద్దగా తేడా రాలేదు. డిసెంబరులో నా అంతట నేనే గోధుమ మానేశాను. కాస్త నయమనిపించింది. అదే నేను చేసిన మొదటి తప్పు. ఎందుకో చెప్తాను.

గ్యాస్ట్రో స్పెషలిస్టు అపాయింట్‌మెంటుకి ఐదు వారాలు ఆగాల్సి వచ్చింది. 2024 జనవరి 9న చూశారు. ఆయన పొట్ట నొక్కింది రెండు నిమిషాలు, ప్రశ్నలు అడిగింది ఇరవై నిమిషాలు. మలంలో రక్తం పడిందా? కారణం లేకుండా బరువు తగ్గారా? రాత్రి నిద్రలోంచి లేపుతుందా? ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉందా? అన్నిటికీ లేదనే చెప్పాను. తర్వాత ఒక కాగితం ముందు పెట్టారు. దాని మీద ఏడు రకాల మలం బొమ్మలు. మేకపెంటికల్లాంటి గట్టి ఉండలు ఒకటో రకం, పూర్తిగా నీళ్లయితే ఏడో రకం. "మీది ఏది?" అన్నారు. చదువుకున్నదాన్ని, ఉద్యోగం చేస్తున్నదాన్ని, అంత పెద్దమనిషి ముందు కూర్చుని వేలు పెట్టి ఒకటోదీ ఆరోదీ చూపించాను. సిగ్గు ఆ రోజుతో పోయింది. ఇప్పుడు నా డైరీలో అంతా నంబర్లే.

రక్తపరీక్షలతో పాటు మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష రాశారు. పేగుల్లో వాపు ఉందో లేదో దాన్నిబట్టి తెలుస్తుందట. ఈమధ్య నొప్పి మాత్రలు ఏమైనా వాడారా అని కూడా అడిగారు, ఐబూప్రొఫెన్ లాంటివి వాడితే ఆ అంకె పెరగొచ్చని. డబ్బా ఇచ్చేవాళ్లు ఒక మాట చెప్పరు కాబట్టి నేను చెప్తున్నా: శాంపిల్‌లో నీళ్లు గానీ మూత్రం గానీ కలవకూడదు. ముందే కాగితమో ప్లాస్టిక్ కవరో పరుచుకోండి. మొదటిసారి నాది పనికిరాలేదు, ఇంకోసారి ఇవ్వాల్సి వచ్చింది.

గోధుమ సంగతి ఇక్కడ బయటపడింది. సీలియాక్ అని, గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు ఒకటుంది. అది ఉందేమో చూడటానికి ఒక రక్తపరీక్ష ఉంటుంది. గోధుమ తింటున్నప్పుడు చేస్తేనే దాని ఫలితాన్ని నమ్మొచ్చు. నేను మానేసి నెల దాటింది. "మళ్లీ మొదలుపెట్టండి. రోజూ ఒకటికి రెండు పూటలు, కనీసం ఆరు వారాలు తిన్నాక పరీక్ష చేద్దాం" అన్నారు. నా సొంత వైద్యానికి నేను కట్టిన జరిమానా ఆ ఆరు వారాలు. పడదని తెలిసీ రోజూ బ్రెడ్ తినడం, తిన్నాక పొట్ట చేత్తో పట్టుకుని కూర్చోవడం. మానేసే ముందు ఆ ఒక్క రక్తపరీక్ష చేయించుకుని ఉంటే ఇదంతా తప్పేది.

మార్చి మొదటి వారంలో రక్తం ఇచ్చాను, ఆరు రోజులకు రిపోర్టు వచ్చింది. మార్చి 14న డాక్టర్ అన్నీ ముందేసుకుని, "అన్నీ నార్మల్. ఇది ఐబీఎస్" అన్నారు. మూడు నెలలుగా సగటున వారానికి ఒక రోజైనా నొప్పి ఉండటం, అది మలవిసర్జనతో ముడిపడి ఉండటం, ఎన్నిసార్లు వెళ్తున్నామన్నదీ మలం తీరూ మారడం, మొదలై ఆరు నెలలు దాటడం, ఇవన్నీ నాకు సరిపోయాయి. పేగు ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి ఇలా మిగిలిపోతుందట. కొలనోస్కోపీ, అంటే గొట్టం కెమెరాతో పెద్దపేగు లోపల చూడటం, వద్దా అని అడిగాను. నా వయసుకి, ప్రమాద లక్షణాలేవీ లేనప్పుడు అక్కర్లేదన్నారు. నమ్ముతారో లేదో, నిరాశపడ్డాను. ఏదో ఒకటి కనిపిస్తే బాగుండునని మనిషి కోరుకుంటాడని అప్పుడే తెలిసింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఏడు నెలల బాధకి "నార్మల్" అన్న మాట బిరుదులా ఇచ్చి పంపినట్టుంది. అయితే ఆయన చెప్పిన ఒక మాట ఇప్పటికీ గుర్తు: "పేగు దెబ్బతినలేదు, కానీ నొప్పి నిజమే. మీ పేగులు మామూలు గ్యాస్‌కి కూడా గట్టిగా అరుస్తున్నాయి."

డైటీషియన్‌కి రాసిచ్చారు. అక్కడ ఖాళీ దొరికింది మే 6న. ఏడు వారాలకు పైనే.

ఆ ఏడు వారాల్లో నేను ఖర్చుపెట్టినంత మొత్తం జబ్బులో ఎక్కడా పెట్టలేదు. వేలి రక్తంతో "మీకు పడని ఆహారాలు" చెప్పే ఐజీజీ (రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీలు) పరీక్ష ఒకటి చేయించాను. నలభై పేర్ల జాబితా వచ్చింది. తర్వాత డాక్టర్ చెప్పారు, ఆ యాంటీబాడీలు మనం తరచూ ఏం తింటామో చెప్తాయి తప్ప ఏది పడదో చెప్పవని. అంటే డబ్బిచ్చి మరీ నా వంటింటి జాబితా నేనే కొనుక్కున్నాను. ఆ తర్వాత హెర్బల్ టీలు. పొద్దున అల్లం, మధ్యాహ్నం భోజనం తర్వాత రెండు కప్పులు సోంపు, రాత్రి పడుకునే ముందు కామొమైల్. చామంతిలా ఉండే ఆ చిన్న పూలను పదిహేను నిమిషాలు నానబెట్టి చిక్కగా తాగేదాన్ని. ఎంత చిక్కగా ఉంటే అంత మందు అనుకున్నాను. "పేగులు శుభ్రమవుతాయే, తాగి చూడు" అని ఒక స్నేహితురాలు డిటాక్స్ టీ ప్యాకెట్ ఇచ్చింది. రెండు రాత్రులు తాగాక మూడో రోజు ఇంటి నుంచి కదల్లేకపోయాను. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో సెన్నా ఆకు అని ఉంది. విరేచనాల మందది! అసలే గోరుచుట్టు, దాని మీద రోకటిపోటు.

డైటీషియన్ అపాయింట్‌మెంటుకి రెండు వారాల ముందు నుంచి తిన్నదీ తాగిందీ, ఏ టైముకి ఏమైందీ రాసుకురమ్మన్నారు. ఆవిడ నా పుస్తకం తిరగేసి మొదట అడిగింది ఇదే: "మరి ఇందులో టీలేవీ?"

"అవి హెర్బల్ టీలే కదండీ, రాయలేదు."

"రోజుకు ఎన్ని కప్పులు?"

"నాలుగైదు."

ఆవిడ పెన్ను పక్కన పెట్టి నవ్వేశారు. అప్పుడు తెలిసింది, చిక్కటి కామొమైల్ టీలోనూ సోంపు టీలోనూ ఫ్రక్టాన్లనే ఒక రకం చక్కెరలు ఎక్కువగా ఉంటాయని. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో ఉండేవి కూడా అవే. మన చిన్నపేగు వాటిని అరిగించుకోలేదు. అవి అలాగే పెద్దపేగుకి చేరితే అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. కొన్ని మిశ్రమ టీల్లో చికోరీ వేరు కూడా కలుపుతారు, అందులోనూ అదే సరుకు. మందు అనుకుని ఇన్నాళ్లుగా నేను పొట్టలో పొయ్యికి కట్టెలు అందిస్తున్నాను.

ఆవిడ పెట్టింది లో ఫాడ్‌మ్యాప్ పథ్యం. ఆస్ట్రేలియాలో మోనాష్ విశ్వవిద్యాలయంవాళ్లు తయారుచేసిన పద్ధతి. అరగకుండా పులిసే చక్కెరలన్నిటికీ కలిపి పెట్టిన పేరు ఫాడ్‌మ్యాప్. వాటిని కొన్ని వారాలు పూర్తిగా తగ్గించి, తర్వాత ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చి చూడటం. "ఇది జీవితాంతం చేసే పథ్యం కాదు. ఆరు వారాలు దాటి ఒక్కరోజు కూడా ఉండకూడదు" అని రెండుసార్లు చెప్పారు. ఎందుకు రెండుసార్లు చెప్పారో తర్వాత అర్థమైంది.

మే 13న మొదలుపెట్టాను. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, పప్పులు, శనగలు, ఆపిల్, మామిడి, తేనె, కాలీఫ్లవర్, పుట్టగొడుగులు అన్నీ బంద్. షుగర్‌లెస్ చూయింగ్ గమ్ కూడా, దాంట్లో తీపి కోసం వేసే సార్బిటాల్ కూడా ఆ జాబితాలోదే. అన్నం, బంగాళాదుంప, గుడ్డు, చేప, క్యారెట్, కీర, నారింజ, మరీ మాగని అరటిపండు, కాసిని ఓట్స్ మిగిలాయి. అరటిపండు బాగా మాగితే ఫ్రక్టాన్లు పెరుగుతాయట, తొక్క మీద మచ్చలు పడినవి ఇంట్లోవాళ్లకి.

అన్నిటికన్నా కష్టం ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండటం. మా అమ్మ ఫోన్‌లో, "ఉల్లి లేకుండా అదేం కూరే, ఎలా మింగుతున్నావు?" అనేది. ఇక్కడే పనికొచ్చే కిటుకు దొరికింది. ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. వెల్లుల్లి రెబ్బలు నూనెలో వేయించి, రెబ్బలు తీసి పారేసి, ఆ నూనెతో వండితే వాసనంతా ఉంటుంది, గొడవ ఉండదు. రెబ్బలు ముందే నీళ్లున్న కూరలో వేసి తర్వాత ఏరేస్తే లాభం లేదు. ఇంకోటి, ఆ నూనె సీసాలో పోసి గట్టు మీద నిలవ పెట్టకండి. వెల్లుల్లి నానిన నూనెలో బొటులిజం క్రిములు పెరగొచ్చు, అది ప్రాణాంతకం. ఏ పూటకాపూటే చేసుకున్నాను. ఉల్లికాడల్లో అడుగున ఉండే తెల్లటి గడ్డ కోసేసి పచ్చటి భాగం వాడుకోవచ్చు. మొదటిసారి అది కూరలో పడిన రోజు ప్రాణం లేచొచ్చింది.

మొదటి వారం తేడా లేదు, పైగా మలబద్ధకం. పీచు తగ్గిపోయిందని ఆవిడ ఇసబ్‌గోల్ పొట్టు ఒక చెంచాతో మొదలుపెట్టించారు, పెద్ద గ్లాసు నీళ్లతో. గోధుమ తవుడు తినబోతే వద్దన్నారు, ఐబీఎస్ ఉన్నవాళ్లలో చాలామందికి అది ఉబ్బరం పెంచుతుందట. పదకొండో రోజు, మే 23న, పొద్దున లేచి పళ్లు తోముకుని, ఒకే ఒక్కసారి బాత్రూముకి వెళ్లి, బయల్దేరాను. సగం దారిలో గుర్తొచ్చింది, ఇవాళ నొప్పి రాలేదని. డైరీలో "నాలుగో రకం" అని రాసి చుట్టూ గీత గీశాను. అరిటిపండులా మెత్తగా, నున్నగా, బొమ్మలో ఉన్నట్టే. దానికింత సంబరమా అని నవ్వుకోండి, పర్లేదు.

ఐదు వారాలు అయ్యేసరికి నొప్పి ముప్పావు వంతు తగ్గింది. బరువు కూడా మూడు కిలోలు తగ్గింది, అది మంచిది కాదు. అసలు చిక్కు అప్పుడు వచ్చింది. హాయిగా ఉంది కదా, మళ్లీ ఆ తిండి ఎందుకు? తెల్లన్నం, గుడ్డు తిని బతికేద్దాం అనిపించింది. జూన్ 16న ఆపాలి, నేను ఇంకో వారం పొడిగించాను. తినడమంటే భయం పట్టుకుందని ఒప్పుకోవడానికి ఆ వారం పట్టింది. ఆవిడ ఫోన్‌లో కాస్త కోపంగానే, "మీ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకి కూడా ఆ చక్కెరలే తిండి. వాటిని కూడా మాడుస్తారా?" అన్నారు.

జూన్ 23 నుంచి వెనక్కి తేవడం మొదలైంది. ఒక్కో రకానికి మూడు రోజులు, రోజురోజుకీ మోతాదు పెంచుతూ. తర్వాత రెండు మూడు రోజులు విరామం. మిగతా తిండంతా పథ్యమే. మొదట పాలు: అర గ్లాసు, ముప్పావు, ఒక గ్లాసు. ఏమీ కాలేదు! ఇన్నాళ్లూ అనవసరంగా దూరం పెట్టాను. తేనె పర్లేదు. పుట్టగొడుగులకి కాస్త గుడగుడ. గోధుమ బ్రెడ్ రెండు ముక్కల దాకా పర్లేదు, మూడోది తింటే ఉబ్బరం. శనగలు నానబెట్టి, ఉడికించిన నీళ్లు పారబోసి తింటే పావు కప్పు వరకు సరే.

జూలైలో ఉల్లిపాయ. మొదటి రోజు ఒక చెంచాడు తరుగు. మధ్యాహ్నం తిన్నాను, సాయంత్రం ఆరింటిదాకా ఏమీ లేదు, గెలిచాననుకున్నాను. ఏడున్నరకి మొదలైంది. రెండో రోజు మోతాదు పెంచాల్సిన పని లేకుండానే తీర్పు వచ్చేసింది. వెల్లుల్లికీ అంతే. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదంటారు, నా పేగులకి ఆ సామెత ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆ ఆరు గంటల జాప్యమే నన్ను ఇన్నాళ్లూ తప్పుదారి పట్టించింది. తిన్నది పెద్దపేగుకి చేరి పులియడానికి గంటలు పడుతుంది. నేనేమో నొప్పి వచ్చే ముందు ఏం తిన్నానో దాని మీద నెపం వేసేదాన్ని. రాత్రి తిన్న ఉల్లికూర చేసిన పనికి పొద్దున తాగిన పాలు నింద మోశాయి. తిన్న పది నిమిషాలకే పరిగెత్తాల్సి వస్తే అది ఆ తిండి దోషం కాకపోవచ్చు. పొట్ట నిండగానే పెద్దపేగు కదలడం అందరికీ ఉండేదే, మనకి కాస్త ఎక్కువ.

ఇక టీల సంగతి. ఇప్పుడు రెండే తాగుతున్నాను, పెప్పర్‌మింట్, అల్లం. మొదట మామూలు పుదీనా ఆకులే మరిగించాను. మనం పుదీనా అనేది చాలావరకు స్పియర్‌మింట్, దాంట్లో మెంథాల్ చాలా తక్కువ. పేగు కండరాన్ని సడలించేది ఆ మెంథాల్. అది పెప్పర్‌మింట్‌లోనే దండిగా ఉంటుంది. కప్పు మీద మూత పెట్టి ఐదు నిమిషాలు ఉంచాలి, లేకపోతే ఆవిరితో పాటు అదీ పోతుంది. ఛాతీలో మంట ఉన్నవాళ్లకి పెరగొచ్చు, జాగ్రత్త. పరిశోధనల్లో బాగా పరీక్షించింది టీని కాదు, పెప్పర్‌మింట్ నూనె క్యాప్సూళ్లని. పేగులోకి వెళ్లాకే కరిగేలా పైన పూత ఉంటుంది. డాక్టర్‌ని అడిగి నాలుగు వారాలు వాడాను, భోజనానికి అరగంట ముందు. ఒకరోజు గ్యాస్ మాత్రతో కలిపి వేసుకున్నాను. ఆ పూత కడుపులోనే కరిగిపోయి, రాత్రంతా పుదీనా తేనుపులు, మంట. పొద్దున బాత్రూములో కూడా చల్లటి మంట, అలాంటిదొకటి ఉంటుందని ఊహించలేదు. నొప్పి మాత్రం తగ్గింది. అల్లం టీ వికారానికి బాగుంటుంది, ఉబ్బరానికి నాకేమీ చేయలేదు.

టీ వల్ల తగ్గుతోందా, టీ కప్పుతో పదిహేను నిమిషాలు ఊరికే కూర్చోవడం వల్లా? నాకే అనుమానం. 2010లో హార్వర్డ్ పరిశోధకులు 80 మంది ఐబీఎస్ రోగుల మీద ఒక ప్రయోగం చేశారు. సగం మందికి "ఇవి మందు లేని ఉత్తి మాత్రలు" అని చెప్పే ఇచ్చారు. అయినా వాళ్లలో 59 శాతం మందికి చాలినంత ఉపశమనం కలిగింది, మాత్రలు ఇవ్వనివాళ్లలో 35 శాతం మందికి. అది చదివాక నా టీ మీద గౌరవం తగ్గలేదు గానీ, ఖరీదైన ప్యాకెట్లు కొనడం మానేశాను.

అక్టోబరులో అంతా తిరగబెట్టింది. తిండిలో మార్పేమీ లేదు. ఆఫీసులో మూడు వారాలు నిద్రలేని పని, ఒకటి తర్వాత ఒకటి గడువులు. పథ్యం ఇంకా బిగించాను, టీలు పెంచాను, ఏదీ పనిచేయలేదు. డాక్టర్ అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు రాత్రిపూట వేసుకోమన్నారు. డిప్రెషన్ మందు నాకెందుకని మార్చిలోనే ఒకసారి తిప్పికొట్టాను. ఈ చిన్న మోతాదు మనసు కోసం కాదు, పేగు నుంచి మెదడుకి వెళ్లే నొప్పి సంకేతాలు తగ్గించడానికి అని ఈసారి కూర్చోబెట్టి చెప్పారు. నోరు ఎండిపోవడం, పొద్దున మత్తు ఉన్నాయి. మూడో వారానికి నొప్పి దిగింది. ఇప్పటికీ వాడుతున్నాను.

ఇది 2025 ఫిబ్రవరి. నెలకు రెండు మూడు చెడ్డ రోజులుంటాయి, అంతకుముందు వారానికి నాలుగైదు. పోయిన ఆదివారం మా అక్క వాళ్లింట్లో ఉల్లి దండిగా వేసిన కూర పెట్టారు. అక్కకి అన్నీ తెలుసు, నా కోసం పక్కన వేరే వండి ఉంచింది కూడా. వాసనకి ఆగలేక నాలుగు ముద్దలు ఆ కూరతోనే తిన్నాను. రాత్రి ఎనిమిదికి బొత్తాం ఊడదీసి, మూత పెట్టిన పెప్పర్‌మింట్ కప్పు ముందు పెట్టుకుని డైరీలో రాశాను: "ఉల్లి, నాలుగు ముద్దలు. తెలిసే తిన్నాను. కూర బాగుంది."